త్రీనాట్‌త్రీతో జింక వేట: పాత సైనిక రైఫిల్‌ను అమెరికాలో వేటకు ఎలా సిద్ధం చేసుకోవాలి?

పోలీస్ స్టేషన్ గేటు దగ్గర సెంట్రీ భుజాన ఉండే త్రీనాట్‌త్రీని చూడని తెలుగువాళ్లు తక్కువ. దాని అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాలు వాడిన రైఫిల్ ఇదే. యుద్ధాలయ్యాక మిగిలిపోయిన లక్షలాది రైఫిళ్లు అమెరికా, కెనడా దుకాణాలకు చేరాయి, రైతులూ వేటగాళ్లూ కొనుక్కున్నారు. కెనడా ఉత్తర ప్రాంతాల్లో గస్తీ తిరిగే కెనడియన్ రేంజర్లు 2018లో కొత్త రైఫిల్ రావడం మొదలయ్యేదాకా దీన్నే మోశారు. జింకను పడగొట్టే శక్తి దీనికి ఉందా అని అనుమానపడక్కర్లేదు. డెబ్భై ఎనభై ఏళ్ల తుపాకీతో, ఇనుప సైట్లతో (టెలిస్కోప్ లేకుండా రైఫిల్ మీదే ఉండే గురి గుర్తులతో), ఎంత దూరం వరకు ఒక్క గుండుతో బాధ లేకుండా చంపగలరన్నదే చూసుకోవాలి. ఇక్కడ చెప్పే పనులన్నీ అందుకోసమే.

ముందే ఒక మాట. ఇది అమెరికాలో లైసెన్సుతో చేసే వేట గురించి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడితే జైలే. అక్కడికి ఇందులో ఒక్క ముక్క కూడా పనికిరాదు.

1. తుపాకీ కంటే ముందు చట్టం

తెలుగువాళ్లు ఎక్కువగా తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 లాంటి వీసాల మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అయితే మినహాయింపులున్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు అమల్లో ఉండటం. లైసెన్సు గడువు తీరిన రోజున ఆ మినహాయింపు కూడా పోతుంది, తుపాకీ మాత్రం అల్మరాలోనే ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కేసులో ఇరుక్కుంటే దేశం నుంచి పంపించేయడం దాకా వెళ్లొచ్చు. అందుకే వీసాదారులు స్నేహితుడి మాట నమ్మి కాకుండా ఇమ్మిగ్రేషన్ లాయరును అడిగి అడుగు వేయాలి. స్నేహితుడి రైఫిల్‌ను కాల్పుల సాధన చేసే రేంజిలో ఒకసారి చేతిలోకి తీసుకునేముందు కూడా ఈ సంగతి తేల్చుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. లైసెన్సున్న డీలరు దగ్గర కొనేటప్పుడు ఎవరైనా ఫారం 4473 నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి.

తర్వాత మీ రాష్ట్రం నియమాలు. మనవాళ్లు బాగా ఉండే న్యూజెర్సీలో జింక వేటకు ఇలాంటి రైఫిళ్లను అసలు అనుమతించరు. అక్కడ షాట్‌గన్, మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు కూరే తుపాకీ), విల్లు మాత్రమే. ఒహాయోలో రైఫిళ్ల విషయంలో కేసు, అంటే తూటా ఇత్తడి గుల్ల, గోడలు తిన్నగా ఉండే తూటాలకే అనుమతి. త్రీనాట్‌త్రీ తూటా మెడ దగ్గర సన్నబడుతుంది కాబట్టి కుదరదు. పెన్సిల్వేనియాలో బోల్టు రైఫిల్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగి ఎక్కించేది) పనికొస్తుంది గానీ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో (తర్వాతి తూటాను తానే ఎక్కించుకునేదానితో) జింకను కొట్టకూడదు, అంటే గరాండ్, ఎస్‌కేఎస్ లాంటివి ఇంట్లో పెట్టుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం లేని గుళ్లే వాడాలి. టెక్సస్‌లో వీటిలో ఏ ఇబ్బందీ లేదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మాత్రం అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. చట్టం బలవంతం లేకపోయినా ఆ కోర్సు చేయండి. చాలా బాగుంటుంది, ఖర్చూ తక్కువే.

టెక్సస్ గురించి ఇంకో విశేషం. మన చుక్కల దుప్పి, కృష్ణజింక రెండూ అక్కడి రాంచుల్లో ఉన్నాయి. చుక్కల దుప్పిని 1930లలో తెచ్చి వదిలారు. తెలంగాణ రాష్ట్ర జంతువూ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువూ అక్కడ పరాయి జంతువుల జాబితాలో ఉంటాయి. వేట లైసెన్సు, భూయజమాని అనుమతి ఉంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. తెల్లతోక జింకకు మాత్రం సీజన్, ట్యాగు (లైసెన్సుతో వచ్చే, చంపిన జింకకు కట్టే చీటీ) తప్పనిసరి.

2. ఏ రైఫిల్ కొనాలి?

వేటకైతే నా ఓటు లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4కి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌తో పాటు కెనడాలోని లాంగ్ బ్రాంచ్ ఫ్యాక్టరీ, అమెరికాలో శావేజ్ కంపెనీ కూడా దీన్ని చేశాయి. శావేజ్ రైఫిళ్ల మీద ‘యూఎస్ ప్రాపర్టీ’ అని ముద్ర ఉంటుంది. పోలీసుల చేతిలో మనం చూసినది దీనికి అన్నలాంటి పాత మోడల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో అవి తయారయ్యేవి. వేటకు నంబర్ 4 మేలు అనడానికి కారణం దాని వెనక సైటు. కంటికి దగ్గరగా ఉండే చిన్న రంధ్రంలోంచి చూసి ముందు సైటును జింక మీద పెడితే చాలు. పాత మోడల్లో గొట్టం మీద కంటికి దూరంగా ఉండే గాడి నలభై దాటిన కళ్లకు మసకగా కనిపిస్తుంది.

ఇంకా ఏమున్నాయి? 6.5×55 తూటా వాడే స్వీడిష్ మౌజర్ గురికి గొప్పది, పేలినప్పుడు భుజాన్ని తన్నడమూ తక్కువ. జర్మన్ మౌజర్ 98 దృఢత్వానికి పేరు పడింది. రష్యన్ మోసిన్-నాగాంట్ ఒకప్పుడు వంద డాలర్లలోపే దొరికేది, ఇప్పుడు ఆ రోజులు లేవు. అమెరికన్ గరాండ్ మంచి రైఫిలే గానీ దాని గ్యాస్ యంత్రాంగం కోసం చేసిన తూటాలే వాడాలి. దుకాణంలో దొరికే బరువైన 30-06 వేట తూటాలు అందులోని ఆపరేటింగ్ రాడ్‌ను వంచేయవచ్చు. స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 కొనాలనుకుంటే సీరియల్ నంబరు చూడండి. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో తయారైనవాటిలో 8,00,000 కంటే తక్కువ నంబరున్నవాటి రిసీవర్లు (గొట్టం, బోల్టు కలిసే ఇనుప భాగాలు) పెళుసుగా ఉండే ప్రమాదం ఉంది. గోడకు అలంకరించుకోవచ్చు, పేల్చకూడదు.

నా సలహా ఒకటుంది, దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సైన్యం వదిలిన రూపంలోనే, భాగాల మీది నంబర్లన్నీ ఒకటే అయి, కర్ర (స్టాక్) మొత్తం అసలుదే ఉన్న రైఫిల్‌ను కొని వేట కోసం కోయకండి, రంధ్రాలు వేయకండి. అలాంటివి ఏటేటా తగ్గిపోతున్నాయి. ఒకసారి కోస్తే చరిత్ర పోయినట్టే, ధర కూడా పడిపోతుంది. 1950, 60లలో వేటగాళ్లు అప్పటికే కర్ర కత్తిరించి, బరువు తగ్గించుకున్న రైఫిళ్లు బోలెడు ఉన్నాయి. కలెక్టర్లకు అవి అక్కర్లేదు కాబట్టి చవగ్గా దొరుకుతాయి. వేటకు సరిగ్గా అవే కావాలి. సైనిక రూపంలో నంబర్ 4 నాలుగు కిలోల పైనే తూగుతుంది. కోసినదాన్ని రోజంతా మోసినా భుజం అంతగా నొప్పెట్టదు.

3. పేల్చేముందు తనిఖీ

రైఫిల్ ఇంటికొచ్చిన రోజే పేల్చాలని చేతులు దురదపెడతాయి. ఆగండి.

మొదట మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (పేలే తూటా కూర్చునే చోటులోకి) కళ్లతో చూసి, వేలు పెట్టి ఖాళీగా ఉందని నిర్ధారించుకోండి. తర్వాత బోల్టు బయటికి తీసి, గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. దశాబ్దాల పాటు గోదాముల్లో ఉన్న రైఫిళ్లకు తుప్పు పట్టకుండా కాస్మోలిన్ అనే చిక్కటి గ్రీజు పూసి పెట్టేవారు. అది గొట్టంలో గడ్డకట్టి ఉంటే మొదటి గుండుకే గొట్టం ఉబ్బిపోతుంది, పగిలిపోవచ్చు కూడా. మినరల్ స్పిరిట్స్ అనే ద్రావకంతో గుడ్డ ముక్క నల్లగా రావడం ఆగేదాకా తుడవండి. ఛాంబర్‌నూ, బోల్టు లోపల ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) ఉండే చోటునూ వదలొద్దు. అక్కడ గ్రీజుంటే పిన్ నెమ్మదిగా కదిలి తూటా పేలదు, లేదా ఆలస్యంగా పేలుతుంది.

శుభ్రమయ్యాక గొట్టం లోపలి గాడులు చూడండి. కాస్త నల్లగా, అక్కడక్కడ చిన్న గుంటలతో ఉన్నా చాలా గొట్టాలు బాగానే కొడతాయి. గొట్టం మూతి దగ్గర, అంటే గుండు బయటికొచ్చే చోట, గాడులు అరిగి గుండ్రంగా అయిపోయి ఉంటే మాత్రం గురి నిలవదు. దశాబ్దాల పాటు శుభ్రం చేసే తాడు, కడ్డీ రాసుకుని అరిగేది అక్కడే.

అన్నింటికన్నా ముఖ్యమైనది హెడ్‌స్పేస్. బోల్టు మూసినప్పుడు దాని ముఖానికీ, తూటా అంచు ఆనే చోటుకూ మధ్య ఉండే ఖాళీ అది. ఎక్కువైతే తూటా కేసు వెనక్కి సాగి తెగిపోతుంది, వేడి గ్యాసు ముఖం మీదికి తన్నుతుంది. త్రీనాట్‌త్రీకి కనిష్ఠం 0.064 అంగుళాలు. 0.074 ఫీల్డ్ గేజ్ (ఆ ఖాళీని కొలిచే లోహపు బిళ్ల) మీద బోల్టు మూసుకుందంటే ఆ రైఫిల్ పేల్చడానికి పనికిరాదు. బోల్టు వెనక ఉన్న నంబరు, రిసీవర్ మీది నంబరు కలవాలి. కలవకపోతే ఎవరో వేరే రైఫిల్ బోల్టు పెట్టారన్నమాట, అప్పుడు గేజ్ పరీక్ష ఇంకా అవసరం. నంబర్ 4లో బోల్టు తల విడిగా మరతో బిగుస్తుంది. 0, 1, 2, 3 అని సైజులున్నాయి, ఒక సైజు మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఈ పని తుపాకీ మెకానిక్‌కు ఇవ్వండి. ఆ ఫీజు దండగ అనుకోకండి, పేలేటప్పుడు ఆ బోల్టు మీ కంటికి జానెడు దూరంలో ఉంటుంది.

4. తూటాలు

పాత సైనిక తూటాలు చవగ్గా కనిపిస్తే కొనేయాలనిపిస్తుంది. వేటకు అవి వద్దు. వాటి గుండు మొత్తం లోహపు తొడుగుతో ఉంటుంది. అది జింక ఒంట్లో విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది, జింక ఎక్కడో పరుగెత్తి గంటల తరబడి బాధపడి చస్తుంది. చాలా రాష్ట్రాల్లో అందుకే దాన్ని నిషేధించారు. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే సాఫ్ట్‌పాయింట్ కొనండి (కాలిఫోర్నియాలో మాత్రం సీసం లేనిదే). ఫెడరల్, ప్రివి పార్టిజాన్, సెల్లియర్ అండ్ బెలో వంటి కంపెనీలు .303 బ్రిటిష్‌లో (త్రీనాట్‌త్రీ తూటా పేరు అదే) 150, 180 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) సాఫ్ట్‌పాయింట్లు చేస్తాయి. 180 గ్రెయిన్ల గుండు మూతి దగ్గర సెకనుకు 2,400 అడుగుల పైచిలుకు వేగంతో వెళ్తుంది. జింకకు రెండూ సరిపోతాయి, మీ రైఫిల్ దేన్ని దగ్గర దగ్గరగా కొడితే అదే మీది. ఆ రకం మూడు నాలుగు డబ్బాలు ఒకేసారి తెచ్చి పెట్టుకోండి.

పాత తూటాలను సాధనకు వాడతామంటే ఒక జాగ్రత్త. వాటి ప్రైమర్లలోని (తూటా అడుగున ఉండి మందును అంటించే భాగాల్లోని) పొటాషియం క్లోరేట్ పేలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పుగా మారి గొట్టంలో మిగులుతుంది. అది గాలిలో తేమ పీల్చి రెండు మూడు రోజుల్లో తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు, వేడినీళ్లే కరిగిస్తాయి. ఛాంబర్ వైపు నుంచి మరిగిన నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయండి. ట్రిగ్గరు నొక్కినా తూటా పేలకపోతే వెంటనే బోల్టు తెరవొద్దు. మూతిని గురి వైపే ఉంచి ఒక నిమిషం ఆగండి.

మ్యాగజైన్ నింపడంలో ఒక కిటుకు ఉంది. త్రీనాట్‌త్రీ తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. పై తూటా అంచు, కింది తూటా అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక పడిందంటే, బోల్టు పై తూటాను నెట్టినప్పుడు అది కింది దానికి తగులుకుని ఇరుక్కుంటుంది. ఒక్కొక్క తూటా పెడుతూ అంచులు వేలితో తడిమి చూసుకోండి. పది పడతాయి కదా అని పదీ నింపక్కర్లేదు, వేటకు నాలుగైదు చాలు.

5. గురి సరిచేయడం

ఈ రైఫిళ్ల సైట్లు యుద్ధం కోసం పెట్టినవి. నంబర్ 4 వెనక సైటులో మడత పలక నిలబెడితే 200 నుంచి 1,300 గజాల దాకా మార్చుకోవచ్చు. పలక పడుకోబెడితే 300 గజాలకు ఉద్దేశించిన పెద్ద రంధ్రం వస్తుంది. మీరు కొట్టేది వంద గజాల్లో. అంటే అత్యల్ప అంకె పెట్టినా గుండు కొన్ని అంగుళాలు పైన తగులుతుంది. ఇది తెలియక రైఫిల్ చెడ్డదనుకునేవాళ్లు చాలామంది.

మొదట 25 గజాల్లో కాగితం మీద ఎక్కడ పడుతోందో చూసి, తర్వాత 100 గజాలకు వెళ్లండి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, రైఫిల్ ముందు కర్ర దాని మీద ఆనేలా ఉంచండి. గొట్టాన్ని నేరుగా సంచికి ఆనిస్తే గురి మారుతుంది. మూడేసి గుళ్లు కొట్టి, గొట్టం చల్లారనివ్వండి. పైన పడుతుంటే ఎత్తైన ముందు సైటు కావాలి. ఇవి 0.015 అంగుళాల తేడాతో రకరకాల ఎత్తుల్లో దొరుకుతాయి, ఒక మెట్టు మారిస్తే 100 గజాల్లో గుండు దాదాపు 2 అంగుళాలు కదులుతుంది. ఎడమ కుడి తేడాకు ముందు సైటును పక్కకు జరపాలి, గుండు ఎటు పోవాలో దానికి వ్యతిరేక దిక్కుకు. కుడికి పడుతుంటే ఎడమకు తేవాలి కాబట్టి సైటును కుడికి జరపండి. సుత్తితో కొట్టడం కంటే ఆ పనికే ఉన్న బిగింపు పరికరం అద్దెకో, అరువుకో తెచ్చుకోవడం మంచిది.

ట్రిగ్గరు కూడా సైనిక పద్ధతిదే. కాస్త దూరం వదులుగా వస్తుంది, ఆ తర్వాత గట్టిగా ఆగుతుంది. ఆ ఆగిన చోట ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కితే పేలుతుంది. తేలిక చేయాలని లోపల అరగదీయకండి, కిందపడితే పేలే తుపాకీ తయారవుతుంది. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో రోజూ పది నిమిషాలు ఆ నొక్కు సాధన చేస్తే చేతికి అలవాటవుతుంది.

గొట్టంలో నూనె ఉంటే మొదటి గుండు మిగతావాటికి దూరంగా పడుతుంది. వేటలో మొదటిదే అసలైన గుండు. అందుకే వేటకు ముందురోజు గొట్టంలో పొడి గుడ్డ లాగండి. రేంజిలో కూడా చల్లని గొట్టంతో మొదటి గుండు ఎక్కడ పడుతుందో విడిగా రాసుకోండి.

6. మీ హద్దు ఎంత?

జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు భోజనాల్లో వాడే చిన్న కాగితం ప్లేటంత, ఎనిమిది అంగుళాలు. బల్ల వదిలేసి, వేటలో కూర్చునేట్టే నేల మీద కూర్చుని, మోకాలి మీద ఆనించి, ఆ ప్లేటు మీద అయిదు గుళ్లు కొట్టండి. ఏ దూరం దాకా అయిదుకు అయిదూ ప్లేటులో పడతాయో అదే మీ హద్దు. ఇనుప సైట్లతో చాలామందికి 75 నుంచి 100 గజాలే వస్తుంది. 60 వస్తే 60కే ఆగండి. రైఫిల్ వెయ్యి గజాలు కొడుతుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పొద్దుపోతున్నప్పుడు ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. టెక్సస్‌లో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కాల్చవచ్చు గానీ, ఆ వెలుతురులో చిన్న రంధ్రంలోంచి నల్లటి సైటు కనిపించదు. చివరి ఇరవై నిమిషాలు వదులుకోవడానికి సిద్ధపడండి.

7. అడవిలో

నారింజ రంగు చొక్కా, టోపీ. చాలా రాష్ట్రాల్లో తప్పనిసరి, ఎక్కడైనా ప్రాణరక్షణ. బండిలో ఉన్నప్పుడు, కంచె దాటేటప్పుడు, చెట్టు మీద మంచె ఎక్కేటప్పుడు ఛాంబర్ ఖాళీగా ఉండాలి. మంచె మీదికి రైఫిల్‌ను తాడుతో లాగండి. లీ-ఎన్‌ఫీల్డ్ సేఫ్టీ ఎడమ వైపు వెనకాల ఉంటుంది. మీట వెనక్కి ఉంటే సేఫ్, ముందుకి ఉంటే పేలుతుంది. చాలా ఆధునిక రైఫిళ్లలో ఉండే చోట ఉండదు, అందుకే చీకట్లో కూడా దొరికేట్టు అలవాటు చేసుకోండి.

జింక పక్కకు తిరిగి నిలబడేదాకా ఓపిక పట్టండి. ముందు కాలు వెనక, కడుపు అంచు నుంచి మూడో వంతు ఎత్తులో సైటు పెట్టాలి. కాస్త అవతలికి తిరిగి ఉంటే అటువైపు ముందు కాలు దగ్గరికి గుండు చేరేలా కాస్త వెనగ్గా గురిపెట్టి కొట్టవచ్చు. మీ వైపే తిరిగి ఉన్నా, పరుగెడుతున్నా, గడ్డిలో సగమే కనిపిస్తున్నా వదిలేయండి. జింక వెనకాల ఏముందో కనిపించకపోతే కూడా వదిలేయండి. గుట్ట అంచున ఆకాశం ముందు నిలబడ్డ జింక మీద పేల్చకూడదు, తప్పిన గుండు కిలోమీటర్లు పోతుంది.

తగిలాక జింక ఎటు పోయిందో, చివరిసారి ఏ చెట్టు దగ్గర కనిపించిందో గుర్తుపెట్టుకుని, ఇంకో తూటా ఛాంబర్‌లోకి తోసి, సేఫ్టీ వేసి, అరగంట కూర్చోండి. తర్వాత వెళ్లి రక్తం చూడండి. గులాబీ రంగులో నురగతో ఉంటే ఊపిరితిత్తులు, జింక దగ్గర్లోనే పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకొన్ని గంటలు ఆగండి. ఆకుపచ్చ పసరు, దుర్వాసన ఉంటే కడుపులో తగిలింది. ఆరేడు గంటలైనా వదిలేసి వెళ్లాలి. తొందరపడి తరిమితే అది మైళ్ల దూరం పోతుంది. ఎంతసేపైనా వెతకాలి. చీకటి పడితే టార్చి పట్టుకుని, మర్నాడు పొద్దున్న మళ్లీ వచ్చి అయినా సరే.

దొరికిన వెంటనే ట్యాగు కట్టండి. పేగులు తీసి, వీలైనంత త్వరగా మాంసం చల్లబరచాలి. గుండు దారి చుట్టూ ఉన్న మాంసం ధారాళంగా కోసి పారేయండి, కంటికి కనిపించని సీసం ముక్కలు అక్కడే ఉంటాయి, పిల్లలకు పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త. విస్కాన్సిన్, టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో జింకలకు సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది. పరీక్షకు శాంపిల్ ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో ఉంచండి. జబ్బు ఉందని తేలితే తినొద్దు.

ఇంటికొచ్చాక రైఫిల్‌ను వెంటనే బీరువాలో పెట్టేయకండి. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెస్తే ఇనుము మీద తేమ కూర్చుంటుంది. తుడిచి, గంటసేపు గది వేడికి రానిచ్చి, గొట్టంలో నూనె గుడ్డ లాగి, కర్ర మీద కొద్దిగా లిన్‌సీడ్ నూనె రాసి, అప్పుడు తాళం వేయండి.